మూడంగుళాల కాడ ఆగిన వాన

నా చిన్నప్పుడు, వానను కొలిచి రాసుడు కూడా ఒక నౌకరీయే అంటే మా ఊళ్లో అందరూ నవ్వేటోళ్లు. మా మేనమామ చేసేది ఆ నౌకరీయే. ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో, గుట్టల నడుమ ఒక క్యాంపులో ఉండేటోడు. మా తాలూకాలన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తల సంగతి ఇది. మామకు, అత్తకు పిల్లలు లేరు. అత్తకు తోడుంటదని, మామ దగ్గర నాకు నాలుగు అక్షరాలు వస్తయని, పెద్దపల్లి దిక్కున్న మా ఊరి నుంచి బాపు నన్ను అక్కడ దించి పోయిండు. అప్పటికి నాకు పదకొండేండ్లు.

క్యాంపు అంటే మూడే ఇండ్లు. ఒకటి మాది, ఒకటి వాచ్‌మన్‌ది, ఇంకొకటి ఎప్పుడన్నా వచ్చే ఆఫీసర్ల కోసం. ఇండ్ల ముందర ముండ్లతీగ చుట్టిన చదరపు జాగ ఉండేది. మామ సామాన్లన్నీ అందులోనే. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, గాలి దూరేటట్టు దానికి వాలు పలకల గోడలు, లోపల ఎండ ఎంతుందో, గాలిలో తేమ ఎంతుందో చెప్పే గాజు కడ్డీలు. ఒక పొడుగు గుంజ మీద, గాలి ఎటు నుంచి వస్తున్నదో చూపే ఇనుప బాణం. ఒక మూలకు, నేలలో సగం పాతిన రేకు డబ్బా. అదే వాన డబ్బా.

ఆ గుట్టల మీద పడ్డ వానంతా మూడు కోసుల కింద కొత్తగా కట్టిన చెరువులోకి పోయేది. నీళ్లు వంపులు తిరిగి అక్కడికి చేరేసరికి ఐదారు గంటలు పట్టేది. మామ నౌకరీ ఆ ఐదారు గంటల కోసమే. పొద్దుగాల ఎనిమిదిన్నరకు వాన కొలవాలె. ఒక్క దినంలో ఐదంగుళాలు దాటిందంటే, పిడి తిప్పే ఫోనులో చెరువు కట్ట మీదున్న ఇంజినీరు సారుకు చెప్పాలె. ఆయన కట్ట కింద వాగులో ఉన్న మనుషులను లేపించి, నీళ్లు రాకముందే కట్టకున్న తలుపులు కొద్దికొద్దిగా ఎత్తి చెరువులో జాగ చేయాలె. ఆలస్యమైతే కట్టను కాపాడుకోవడానికి తలుపులన్నీ ఒక్కసారే ఎత్తాల్సి వస్తది. అప్పుడు వాగులో ఎవరున్నా వాళ్ల మీదికే నీళ్లు.

మామ తన సామాన్లను కండ్లలో పెట్టుకొని చూసుకునేటోడు. "వానను కొలిచేది వానలనే ఉండాలె బిడ్డా. ఎండను కొలిచేది ఎండలనే ఉండాలె. ఇంట్ల దాచిపెట్టుకుంటే అవి పనిజెయ్యయి. బయట ఉంటే ఆ ఎండ, ఆ వాననే వాటిని తింటది" అని చెప్పేటోడు. పెట్టెకు తెల్లరంగు పెచ్చులూడితే చెక్క వేడెక్కి, లోపలి కడ్డీ ఉన్నదానికంటే ఎక్కువ ఎండ చూపుతదట. అందుకని ఏటేటా ఎండకాలం రాకముందే తానే రంగు వేసేటోడు. తడి కడ్డీకి చుట్టిన గుడ్డకు దుమ్ము పట్టి గట్టిపడితే అది నీళ్లు పీల్చదు, పొడి గాలిని కూడా తడి గాలి అని చెప్తది. ఆ గుడ్డను వారానికోసారి మార్చేటోడు. బాణానికి తుప్పు పడితే చిన్న గాలికి కదలక, నిన్నటి దిక్కే ఇయ్యాల కూడా చూపుతదని గుంజ ఎక్కి నూనె వేసేటోడు. వాన డబ్బా నోటికున్న ఇత్తడి అంచునైతే రోజూ చింతపండుతో తోమేటోడు. పన్నెండేండ్ల రిజిస్టర్‌లో ఒక్క కొట్టివేత లేదని ఆయనకు లోపల్లోపల గర్వం ఉండేది. గర్వపడేంత పనే చేసిండు కూడా.

వాన డబ్బా సంగతి కొంచెం చెప్పాలె, లేకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు. పైన గరాటు, గరాటు కింద ఒక సీసా. పడ్డ వాన గరాటులో నుంచి సీసాలోకి దిగుతది. సీసాలో మూడంగుళాల ఇరవై సెంట్ల వాన పడుతది. సెంటు అంటే అంగుళంలో నూరో వంతు. అంతకంటే పెద్ద వాన వస్తే సీసా పొంగి, దాని చుట్టూ ఉన్న రేకు డబ్బాలో పడుతది. సీసాలోవి, డబ్బాలోవి రెండూ గీతలున్న గాజు గ్లాసుతో కొలిచి కలపాలె. ఏడాదిలో మూడంగుళాలు దాటే దినాలు ఏ రెండో మూడో ఉంటయి. మిగిలిన దినాలన్నీ సీసాతోనే సరిపోయేది. డబ్బా అడుగుతో ఎవరికీ పని పడేది కాదు.

ఆ ఏడు, ఎడ్లకు మొక్కే పొలాల పండుగకు మూడు రోజుల ముందు మామకు చలిజ్వరం పట్టింది. అడవి క్యాంపులో అది కొత్తేమీ కాదు. చేదు గోలీలు మింగి, రెండు గొంగళ్లు కప్పుకొని పండుకున్నడు. అదే రోజు పొద్దుగూకంగ సన్నగ వాన మొదలైంది. తొలికోడి కూసినంక మాత్రం ఇల్లు ఊడిపోతదేమో అన్నట్టు కొట్టింది. పొద్దున ఎనిమిదిన్నర అయ్యేసరికి మామ లేవబోయి, గోడ పట్టుకొని మళ్లీ కూలబడ్డడు.

"బిడ్డా, నువ్వు పోయి కొలువు. నేను కొలుస్తుంటే ఎన్నిసార్లు చూడలే? భయమేమున్నది?" అన్నడు.

భయం లేకుండా ఎట్లుంటది? నేనెన్నడూ ఒంటరిగా ఆ గ్లాసు ముట్టింది లేదు. అత్త గొంగడి పట్టి నా మీద వాన పడకుండా నిలబడ్డది. గరాటు తీసిన. సీసా అంచు దాకా నిండి ఉన్నది. గ్లాసులో పోసుడు, చూసుడు, పలక మీద రాసుడు, పారబోసుడు. ఒక గ్లాసు అంటే అర అంగుళం. మూడోసారి పోసేటప్పుడు సీసా తడికి జారి కొన్ని నీళ్లు నా లంగా మీద పడ్డయి. అత్త చూడలే. నేను చెప్పలే. సీసా అయిపోయినంక డబ్బాలో చూస్తే అడుగున సన్నటి తడి, నాలుగు సెంట్లు. అన్నీ కలిపితే మూడంగుళాల ఇరవై రెండు సెంట్లు.

ఆ లెక్క చెప్పంగనే మామ కండ్లు తెరిచిండు. "గంతేనా? ఆ చప్పుడు వింటే ఇంకా ఎక్కువనుకున్న. పారబోయలే గదా?"

"లేదు మామా" అన్న.

ఆ మాట ఎంత తేలికగా వచ్చిందో ఇప్పటికీ గుర్తున్నది. మామ నా మాట మీద ఇంకో మాట అడగలే. రిజిస్టర్‌లో రాసుకొని, మంచం పక్కనే ఉన్న ఫోను పిడి తిప్పి, మూడు ఇరవై రెండు అని చెప్పిండు. ఆ ఫోనులో అరిస్తే గాని వినపడదు గనుక అవతలి మాట కూడా గదంతా వినపడేది. ఇంజినీరు సారు కృష్ణా దిక్కు నుంచి వచ్చిన మనిషి, వయసులో చిన్నోడు. "ఐదు దాటలేదుగా, మంచిది. చెరువు ఇంకా రెండడుగులు తక్కువే ఉంది. నాట్లకు నీళ్లు కావాలి, నిండనిద్దాం" అన్నడు.

అంతలో వాన తగ్గింది. కొద్దిసేపట్లో మబ్బుల నడుమ నుంచి ఎండ పొర కూడా కనపడ్డది. వాచ్‌మన్ బిడ్డ, మా పక్కింటి అక్క, మక్క కంకుల గంప నెత్తిన పెట్టుకొని మా వాకిట్లో ఆగింది. ఆ రోజు చెరువు కింద అంగడి. వాగు ఇసుకలోనే కూడేది. పొలాల ముంగటి అంగడి గనుక చుట్టుపక్కల ఊర్లన్నీ దిగుతయి. ఎడ్లకు కొత్త పగ్గాలు, గజ్జెలు, కొమ్ములకు రంగులు అక్కడే కొనేది. ఎడ్లను వాగులోనే కడిగేది.

"సారూ, అంగడికి పోతున్న. వాగుల దిగొచ్చునా?" అని గడప అవతల నుంచే అక్క అడిగింది.

"ఐదు పడలే. పోయిరా బిడ్డా" అన్నడు మామ.

అక్క నా జడ పట్టి గుంజి, "నీకు పచ్చగాజులు తెస్త" అని చెప్పి పోయింది. బాటలో ఒక ఊరి జనం, ఎడ్లు, బండ్లు కలిసిన్రు. గజ్జెల చప్పుడు మలుపు తిరిగేదాకా విన్న.

తర్వాత వాకిలి ఊడ్వడానికి పెరట్లోకి పోయిన. అక్కడ బండ మీద అన్నం వండే పెద్ద ఇత్తడి గంజు కనపడ్డది. ముందు రోజు పగటీలి అన్నాలైనంక తోమి, ఇంట్లో పెట్టుడు మర్చిపోయిన. అత్త తిడుతదని గబగబ ఎత్తబోయిన, లేవలేదు. లోపల నీళ్లు. ఏదో గిలాసెడు కాదు, సగానికి పైగా నీళ్లు. నిటారు గోడలున్న ఏ గిన్నెను బయట పెట్టినా వాన ఎన్ని అంగుళాలు పడితే నీళ్లు అన్ని అంగుళాల ఎత్తు నిలబడుతయని మామే ఒకనాడు నాకు చెప్పి ఉండె. గోడ గడియారం తొమ్మిది కొడుతుంటే లోపలికి పోయి కొలిచే కట్టె తెచ్చిన. గంజులో నిలబెట్టిన. ఏడున్నర.

మళ్లీ కొలిచిన. ఏడున్నరే.

నా లంగా మీద తడి ఇంకా ఆరలే. నా మనసులో ఒక్కటే మాట తిరుగుతున్నది: మిగిలిన నీళ్లన్నీ నేనే పారబోసిన. పారబోయలేదని చెప్పిన. ఇప్పుడు ఈ మాట చెప్తే అబద్ధం బయటపడుతది, మామ నన్ను మా ఊరికి తోలిస్తడు, బాపు ముఖం ఎట్ల చూడాలె? రెండు చేతులతో గంజు అంచు పట్టుకున్న. వంచితే అయిపోతది. నీళ్లు మట్టిలోకి పోతయి, ఎవరికీ తెలవదు. కొద్దిగా వంచిన కూడా. నీళ్లు అంచు దాకా వచ్చి ఆగినయి. అక్కడే నా చేతులు కూడా ఆగినయి. ఇంకా వంచలేదు, వదలలేదు. అట్లనే కూసున్న.

ఎంతసేపు కూసున్ననో అప్పుడు నాకు తెలవదు. ఇంకో ఊరి బండ్లు పోయినయి. ఎవరో పిల్లగాడు పీక ఊదుకుంట పోతున్నడు. ఒక ముసలాయన, "జర ఆగుండ్రిరా, నా ఎడ్లు ముసలియి" అని ముందటోళ్లను పిలుస్తున్నడు. అక్క వాగు ఇసుకలో గంప దించుకొని కూసుంటది కదా అని అప్పుడు యాదికొచ్చింది. మామ పోయిరమ్మంటేనే పోయింది. మామ ఆ మాట చెప్పింది నా లెక్క చూసే.

లేచి లోపలికి ఉరికిన. గోడ గడియారం పది కొడుతున్నది. "మామా, నీళ్లు నేనే పారబోసిన. లేదని అబద్ధం చెప్పిన. గంజుల ఏడున్నర ఉన్నది" అని ఒక్క గుక్కలో చెప్పేసిన.

కొడతడనుకున్న. మామ గొంగడి తీసేసి లేచిండు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి, అత్త పట్టుకుంటే వద్దన్నడు. పెరట్లోకి వచ్చి గంజులో కట్టె పెట్టి తానే చూసుకున్నడు. తర్వాత గాజు గ్లాసు నిండా నీళ్లు తీసుకొని నా ముందర కూసున్నడు.

"ఎన్ని నీళ్లు పడ్డయి నీ మీద? చూపించు."

నేను లంగా మీద తడి చూపించిన. మామ గ్లాసులో నీళ్లు నా లంగా పొడిగా ఉన్న దిక్కు కొద్దికొద్దిగా పోసుకుంట, "గింతనా? ఇంకనా?" అని అడిగిండు. నా తడి అంత తడి అయ్యేసరికి గ్లాసులో కాలువంతు కూడా తగ్గలే.

"గీ గ్లాసు నిండా అర అంగుళం. నువ్వు పారబోసింది పది సెంట్లు ఉంటదో లేదో. మరి మిగిలిన నాలుగంగుళాలు యాడికి పోయినయి బిడ్డా?"

మామ లేచి ముండ్లతీగ లోపలికి పోయిండు. వాన డబ్బా అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, దాని పక్కన మోకాళ్ల మీద కూసొని చూసిండు. నేను కూడా చూసిన. నీళ్లు చప్పుడు లేకుండా తగ్గినయి. తగ్గి, తగ్గి, రేకు కనపడ్డది. మామ డబ్బాను అటు ఇటు ఊపి, నేలలో నుంచి పీకి తలకిందులు చేసిండు. పైకి ఎంత మెరిసే డబ్బా! అడుగు మాత్రం ఎర్రగా, పుండు పడ్డట్టు ఉన్నది. అతుకు పొడుగునా తుప్పు తిన్నది. బొటనవేలు పెట్టి ఒత్తితే వేలు అవతలికి పోయింది.

"నువ్వు పారబోయలే. ఇదే తాగింది" అన్నడు మామ.

నా కండ్లలో నీళ్లు వచ్చినయి. మామ నా దిక్కు చూడలే. ఇంట్లోకి పోయి రిజిస్టర్ తెరిచి పెద్ద వానల దినాలు వెతికిండు. నేను పక్కన నిలబడి చదివిన. పాత ఏండ్లలో నాలుగున్నర, ఆరు, ఐదు పది అని రకరకాలుగా ఉన్నయి. నిరుటి నుంచి మూడు ఇరవై ఒకటి, మూడు ఇరవై మూడు, మూడు ఇరవై. ఎంత పెద్ద వానైనా సీసా నిండిన కాడికే లెక్క ఆగింది. చిన్న వానలన్నిటికీ నిజం చెప్పిన డబ్బా, చెప్పాల్సిన దినాల్లోనే చెప్పలే. మామ పేజీ మీద చెయ్యి పెట్టి, "వాన ఎన్నడన్న ఒక్క కాడనే ఆగుతదా? నా చేతితోనే రాసిన. నేనే చూడకపోతి" అన్నడు.

ఫోను పిడి తిప్పిండు. మొదటిసారి కలువలే. రెండోసారి కూడా కలువలే. మూడోసారి కలిసింది.

"సారూ, పొద్దున చెప్పిన లెక్క తప్పు. ఏడున్నర పడ్డది. జల్ది మనుషులను లేపుండ్రి."

"ఇక్కడ ఎండ కాస్తోందండీ. చెరువు పొద్దున్న ఉన్నంతే ఉంది. ఇందాక మూడన్నారు, ఇప్పుడు ఏడున్నర అంటున్నారు. దేంతో కొలిచారు?"

"వంట గంజుతోని."

"వంట గిన్నె చూసి తలుపులెత్తానని పైవాళ్లకు ఏమని రాయను? పన్నెండేళ్లలో మీ డబ్బా ఒక్క తప్పూ చూపలేదని మీరే కదా చెప్పారు!"

"అనుకున్న సారూ. అడుగు చూడలే. నిరుటి నుంచి తుప్పు తిని కారుతున్నది, నేను పైన అంచు తోముకుంట కూసున్న. గిన్నె కారలేదు, నా డబ్బా కారింది. వాన కొలిచెటోడు తప్పు జేసిండని నా పేరు పెట్టి రాయుండ్రి. నేను సంతకం పెడత. ఏడున్నర అంగుళాల నీళ్లు గుట్ట దిగుతున్నయి సారూ. పగటీలి కల్లా మీ కాడ ఉంటయి. వాగుల అంగడి ఉన్నది."

అవతల నుంచి, "సరే, లేపిస్తాను" అని వినపడ్డది. అంతే, ఫోను గరగర అని ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా మళ్లీ పలకలే. ఎక్కడో గుంజ కూలి తీగ తెగిందని తర్వాత తెలిసింది.

మామ మంచం మీద పండుకోలే. గొంగడి భుజాన వేసుకొని, గోడలు పట్టుకుంట పక్కింటికి పోయిండు. నేను వెనుకనే పోయిన. అక్కను కన్న అవ్వ పొయ్యి ముందర కూసోని ఉన్నది. వాచ్‌మన్ ఆ రోజు ఊళ్లో లేడు.

"చెల్లే, నీ బిడ్డను వాగుల దిగొచ్చని నేను చెప్పిన. నేను చెప్పింది తప్పు. నీళ్లు వస్తున్నయి. సారుకు ఫోను జేసిన. ఆయన లేపుతడు" అన్నడు మామ.

ఆమె మొదలు అర్థం చేసుకోలే. అర్థమైనంక ఏడ్వలేదు, తిట్టలేదు. పొయ్యిలో కట్టె బయటికి గుంజి, నీళ్లు చల్లి, మా వెంట వచ్చి మా గడప మీద కూసున్నది. బాట దిక్కే చూసుకుంట కూసున్నది. అత్త అన్నం పెడితే ఎవరూ ముట్టలే. మామ వణుకుతనే ఆమె పక్కన కూసున్నడు. లోపలికి పొమ్మని ఎంత చెప్పినా పోలే.

పగటీలి దాటినంక గుట్టల కింద నుంచి ఒక చప్పుడు మొదలైంది. వాన చప్పుడు కాదు, గాలి కాదు. ఆగకుండా బండ్లు పోతున్నట్టుండె. మూడు కోసుల అవతల తలుపులన్నీ ఎత్తిండ్రో, గుట్టల వాగులన్నీ పొంగినయో మాకు తెలవదు. అక్క వాళ్ల అవ్వ లేచి నిలబడ్డది. నేను అత్త కొంగు పట్టుకొని, నేను కూసున్న ఆ గంటను వేళ్ల మీద లెక్క పెట్టుకుంట ఉన్న. తొమ్మిది. తొమ్మిదిన్నర. పది.

పొద్దు గుట్టల మీదికి వాలుతున్నప్పుడు బాట మలుపులో అక్క కనపడ్డది. నడుం దాకా బురద. నెత్తిన గంప లేదు, కాళ్లకు చెప్పులు లేవు. వాళ్ల అవ్వ ఉరికిపోయి ఆమెను పట్టుకొని, ముఖం తడిమి, చేతులు తడిమి, అప్పుడు ఏడ్చింది.

అక్క చెప్పంగ తెలిసింది. అంగడి నిండుగా ఉన్నప్పుడు కట్ట మీది నుంచి డప్పు కొట్టుకుంట మనుషులు ఉరికొచ్చిన్రట. ఎండ కాస్తుంటే వాగు ఎట్ల వస్తదని సగం మంది నవ్విన్రట. ఇంజినీరు సారే ప్యాంటు మడుచుకొని ఇసుకలోకి దిగి, చేతులు పట్టి గుంజి ఒడ్డుకు తోలిండట. ముందు ఒక తలుపు కొద్దిగా ఎత్తితే మోకాలి మట్టం నీళ్లు వచ్చినయి. అప్పుడు గాని జనానికి నమ్మకం కలుగలే. సామాన్లు వదిలి ఒడ్డెక్కిన్రు. కొద్దిసేపటికే చెరువు పొంగుకొచ్చింది, తలుపులన్నీ ఎత్తక తప్పలే. అంగడి కూడిన ఇసుక మీద రెండు నిలువుల నీళ్లు పోయినయి. మనుషులు ఎవరూ పోలే. ఒక ముసలాయన మాత్రం ఎడ్లను విప్పడానికి మళ్లీ దిగిండట. పక్కోళ్లు ఆయనను గుంజుకొచ్చిన్రు. ఎడ్లు బండి కాడికే కట్టేసి ఉండిపోయి, నీళ్లల్ల కొట్టుకపోయినయి. కొమ్ములకు అప్పుడే కొత్తరంగు వేయించిండట.

"జర ముందుగాల చెప్పుంటే అవి కూడా దక్కేటియి" అని అక్క అన్నది. ఎవరినీ అనాలని అనలే. ఊరికే అన్నది. నాకు మాత్రం ఆ మాట గుండెలో దిగింది.

మరునాడు మామ జ్వరంతోనే కూసొని రిజిస్టర్ తీసిండు. ఆ దినం ముందర మూడు ఇరవై రెండును కొట్టేయలే. దాని పక్కన, "ఈ లెక్క తప్పు. డబ్బా అడుగు తుప్పు పట్టి కారింది. నేను చూడలేదు. గిన్నెలో ఏడున్నర" అని రాసి సంతకం పెట్టిండు. నిరుటి నుంచి ఉన్న పెద్ద వానల పక్కన ఒక్కొక్క ప్రశ్న గుర్తు పెట్టుకుంట వచ్చిండు. పన్నెండేండ్లు మచ్చ లేకుండా రాసుకున్న పుస్తకం అది. ఒక్కో గుర్తు పెట్టేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయిన.

అప్పుడు నేను దాచుకున్నది చెప్పిన. గంజు చూసింది పది గంటలకు కాదు, తొమ్మిదికే అని. గంటసేపు దాని అంచు పట్టుకొని కూసున్న అని. పారబోద్దామని వంచిన అని కూడా చెప్పిన. "ఆ ఎడ్లు నా వల్లనే పోయినయా మామా?" అని అడిగిన.

లేదు బిడ్డా, నువ్వు చిన్నపిల్లవు, నీ తప్పేమున్నది అంటడనుకున్న. ఎవరైనా అదే అంటరు. మామ కలం పక్కకు పెట్టి నా దిక్కు తిరిగిండు.

"గంట నీది బిడ్డా. రెండు వానకాలాలు నావి. ఎవరిది వాళ్లం మొయ్యాలె. అయినా నువ్వు ఆ గంజు పారబోయలే. గది కూడా యాది పెట్టుకో" అన్నడు.

కొన్ని దినాలకు ఇంజినీరు సారు జీపులో వచ్చి తుప్పు డబ్బాను చేతుల్లో తిప్పి చూసిండు. వేలు పోయే బొక్కలో తాను కూడా వేలు పెట్టి చూసిండు. మీది ఆఫీసర్లకు ఉన్నదున్నట్టు రాసిండు. మామే అట్ల రాయమన్నడు. ఏడాది తిరగకుండానే మామను వాన కొలిచే పని నుంచి తీసి చొప్పదండి దిక్కు ఏదో గోదాముకు మార్చిన్రు. సామాన్లు బండికి ఎక్కించే రోజు ఆయన కొత్త మనిషిని కూసోబెట్టి డబ్బా పీకి, తలకిందులు చేసి, అడుగు ఎట్ల చూడాల్నో చూపించిండు. నెలకోసారి నీళ్లు పోసి చూడుమని రెండుసార్లు చెప్పిండు.

నేను పెద్దయి నర్సమ్మ పని చేసిన. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలను తూకం వేసిన. ఒక ఊళ్లో, బిడ్డ బరువు తగ్గుతున్నదని ఒక తల్లిని అందరూ తిడుతున్నరు, పాలు ఇస్తలేవా అని అడుగుతున్నరు. ఆమె ఇస్తున్న అని ఏడుస్తున్నది. నేను బిడ్డను దించి, తరాజులో కిలో ఉప్పు పొట్లం పెట్టిన. ముప్పావు కిలోనే చూపింది. ఎండలో, వానలో ఊరూరూ తిరిగి స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకపోయింది. ఆ తల్లి నా దిక్కు చూసిన చూపు మరువలేను. మనిషి మాటకు, వస్తువు మాటకు పొత్తు కుదరనప్పుడు, మనిషిని అడిగేముందు వస్తువును అడగాలని మామ నాకు ఒక గ్లాసు నీళ్లతో చూపించిండు.

అది మామ ఇచ్చింది. ఇంకొకటి మాత్రం నేను సొంతంగా తెచ్చుకున్నది. పనిలో నా చేతి నుంచి తప్పులు జరగలేదని అనను, జరిగినయి. జరిగిందని తెలిసిన క్షణంలో ఇప్పటికీ నోరు మూసుకొని కూసోవాలనిపిస్తది. అప్పుడు కొమ్ములకు కొత్తరంగు వేసిన రెండు ఎడ్లు యాదికొస్తయి. నేను వాటిని కండ్లతో చూసింది కూడా లేదు. లేచి, చెప్పాల్సిన మనిషి దగ్గరికి పోతా.